మా నాయన కైఫీయతు

మా నాయన రాయలసీమలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో హిస్టరీ చెప్పేవాడు. పత్తికొండ, గుత్తి, జమ్మలమడుగు, కడప, చివరికి సొంతూరు కర్నూలు. ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ అయితే అక్కడికి ఇల్లంతా కదిలేది. పుష్యమాసంలో ఆయన సంవత్సరీకం కర్నూల్లో జరిగింది. చుట్టాలంతా బస్సులెక్కి వెళ్లిపోయాక అమ్మ అంది: "ఆ ఊర్లన్నిటిలో కాపురం చేసినా గానీ, నేను చూసింది వంటిళ్లే. మీ నాయన పిల్లోళ్లకు చూపించినవన్నీ ఒకతూరి నాకూ చూపించండి." అన్న కారు మాట్లాడాడు. అమ్మ, అన్న, వదిన, వాళ్ల పాప, నేను బయల్దేరాం.

మొదటి రోజు: కర్నూలు

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కొండారెడ్డి బురుజు దాకా నడిచాం. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు నాయన మమ్మల్ని ఇక్కడికే తెచ్చేవాడు. చరిత్ర చెప్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ప్రతి విషయాన్నీ 'రాసిన మాట', 'చెప్పుకునే మాట' అని రెండుగా విడదీసి చెప్పేవాడు. విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన బురుజు ఇది అనేది రాసిన మాట. ఆలంపురం ఏలిన కొండారెడ్డిని కర్నూలు నవాబు ఇందులో బంధించాడని, ఇక్కణ్ణుంచి గద్వాలకు సొరంగం ఉందని అనేది చెప్పుకునే మాట. ఆలంపురం గుడులకు రాళ్లు తోలే బండ్లవాళ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఇరుసులకు కందెన పూసుకునేవాళ్లని, అందుకే ఊరికి కందనవోలు అని పేరొచ్చిందని కూడా చెప్పుకునే మాటే. అన్నిట్లోకీ నాయనకు ఆ బండ్లవాళ్ల కథంటే ఎక్కువ ఇష్టం.

"రెండిట్లో ఏది నిజం నాయనా?" అని అన్న అడిగేవాడు. "రాసిందయితే ఎవరు రాయించుకున్నారో చూడల్ల. చెప్పుకునేదయితే ఎందుకు చెప్పుకుంటున్నారో చూడల్ల" అనేవాడు. ఆ రెంటిలో దేన్నీ చిన్నచూపు చూసేవాడు కాదు.

బురుజు కింద నిలబడి అన్న తన కూతురికి 1953 గురించి చెప్పాడు. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం సీమవాళ్లకు ఒక మాట ఇచ్చింది: రాజధాని గానీ హైకోర్టు గానీ కోరుకునే హక్కు మీదే అని. ఆ మాట మీద 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి, హైకోర్టు గుంటూరులో. అన్ని ఆఫీసులకు సరిపడా బంగళాలు లేక చాలావాటిని గుడారాల్లో నడిపారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. ఇదంతా రాసిన మాట. మా జేజినాయన ఆ గుడారాల దగ్గర వంటచెరకు అమ్మాడనీ, గుమాస్తాలు బేరం ఆడకుండా కొనేవాళ్లనీ మా ఇంట్లో చెప్పుకునే మాట. నాయన ఆ సంవత్సరమే పుట్టాడు.

సాయంత్రం హంద్రీ పక్కన ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం చూసి ఇంటికొచ్చాం. చూసే ఊరయితే రాసేదానికి చాలా ఉండేదేమో, మాకు పుట్టిన ఊరు.

రెండో రోజు: పత్తికొండ, జొన్నగిరి, గుత్తి

ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయే రోజు ఇదే.

పత్తికొండలో ఎక్కువసేపు ఆగలేదు. 1827 జూలై 6న మద్రాసు గవర్నర్ థామస్ మన్రో కలరాతో చనిపోయింది ఈ ఊళ్లోనే. 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఈస్టిండియా కుంఫిణీకి వదిలేసుకున్నాక మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, ఊరూరా గుర్రం మీద తిరిగి, రైతు పేరు మీదనే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి పెట్టినవాడు. గవర్నరుగా గడువు తీరి సీమకు పోయ్యొద్దామని చివరిసారి వచ్చి ఇక్కడ కన్నుమూశాడు. గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. అప్పట్లో ఈ పక్క పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని చెప్తారు. "శిస్తు వసూలు చేసిన దొర పేరు బిడ్డకు పెట్టుకున్నారంటే, అంతకుముందు పాళెగాళ్లు, కరువులు ఎంత ఏడిపించాయో ఆలోచించండి" అని నాయన క్లాసులో అడిగేవాడట. ఈ మాట మాకు చెప్పింది పత్తికొండలో టీ కొట్టు నడిపే ఆయన, నాయన దగ్గర ఇంటర్ చదివినాయన. డబ్బులు తీసుకోలేదు. అమ్మ కాళ్లకు దండం పెట్టి, "సార్ మా బ్యాచ్‌ను లారీలో జొన్నగిరికి తీసకపోయినాడమ్మా" అన్నాడు.

జొన్నగిరి దగ్గర ఎర్రగుడి. పొలాల మధ్య బండలు, వాటి మీద అశోకుడి శాసనాలు. పద్నాలుగు ప్రధాన శాసనాలు, వాటితో పాటు రెండు చిన్న శాసనాలు ఒక్క చోటే ఉన్నాయి. దాదాపు ఇరవై రెండు శతాబ్దాలు ఎండకు ఎండి వానకు తడిసి, 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా అవేమిటో చదివి చెప్పినవాళ్లు లేరు. తొలకరి పడితే చాలు, ఈ చుట్టుపక్కల ఎర్రనేలల్లో వజ్రాలు వెతుక్కునే జనం చెట్ల కిందే కాపురం పెడతారు. మేం పోయింది చలికాలం కాబట్టి గొర్రెలకాపరి ఒకతను తప్ప ఎవరూ లేరు.

నాయన మా పెదనాయన, చిన్నాయన పిల్లలందర్నీ, మేనత్త కొడుకుల్ని కూడా పోగేసుకుని వేసవి సెలవుల్లో ఇక్కడికి తెచ్చేవాడు. తెల్లారకముందే బయల్దేరడం, జొన్నరొట్టెలు, శెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డలు. తిన్నాక బండ మీద వేలు తాకించకుండా, అరచేతి మందం దూరంలో గాల్లోనే గీస్తూ అక్షరాలు చూపించేవాడు. బ్రాహ్మిలో 'క' అచ్చం కూడిక గుర్తే, 'గ' ఇంటి కప్పులాగా ఉంటుంది. ఆ రెండూ రాగానే ఎవరి పేర్లో అవి ఉన్నాయో వెతుక్కుంటూ కొట్లాడుకునేవాళ్లం. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఎందుకట్లా అని అడిగితే, "చెక్కినాయన్నే అడగల్ల" అని నవ్వేవాడు.

అన్ని శాసనాల్లోకీ నాయన గట్టిగా చదివి వినిపించేది ఆ చిన్న శాసనమే. తల్లిదండ్రుల మాట వినండి, గురువుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని అందులో ఉంది. శిష్యులు గురువును గౌరవించాలని, బంధువుల దగ్గర నడుచుకోవాల్సినట్టు నడుచుకోవాలని ఉంది. ఇవన్నీ జనానికి నేర్పమని ఏనుగు మావటీలకు, రాతగాళ్లకు, రథాలు తోలేవాళ్లకు, బ్రాహ్మణులకు చెప్పాడు రాజు. "చూడండిరా, సోషల్ పాఠం మావటివాడు కూడా చెప్పల్లంట" అని నాయన మురిసిపోయేవాడు. కళింగ యుద్ధం చేసిన రాజు ఎక్కడో పాటలీపుత్రంలో కూర్చుని, ఈ సీమ బండ మీద చుట్టాలతో సరిగా ఉండమని చెక్కించాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. నాయనకు ఆశ్చర్యం ఉండేది కాదు. ఆయన బతికిందే అట్లా. చిన్నాయనతో భూమి తగాదా వచ్చిన ఏడాది కూడా చిన్నాయన పిల్లలు మాతో పాటే ఈ బండ దగ్గర రొట్టెలు తిన్నారు.

అమ్మ బండ ముందు చాలాసేపు నిలబడింది. "దీనికోసమా, ఒక్కొక్క ఎండాకాలం నాతో నూరు రొట్టెలు కొట్టించింది!" అంది. పాప మట్టిలో పుల్లతో కూడిక గుర్తులు గీస్తా ఉంది.

గుత్తి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మ కోట ఎక్కలేదు, అన్న, నేను ఎక్కాం. బుక్కరాయల నాటి శాసనం గుత్తిని దుర్గాలకు రాజు అంటుంది. పైన కొండ అంచున మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం ఉంది. 1776లో హైదర్ అలీ ముట్టడి వేసినప్పుడు ఈ మరాఠా సర్దారు నెలల తరబడి తట్టుకున్నాడు. చివరికి లొంగదీసింది ఫిరంగులు కావు, కోటలో నీళ్లు అయిపోయాయి. సీమ చరిత్రను ఒక్క ముక్కలో చెప్పమంటే నాయన ఈ కథే చెప్పేవాడు.

రాత్రి లాడ్జిలో అమ్మ తన సంచిలో నుంచి నాయన పుస్తకం తీసింది. పెద్ద లెడ్జరు. కింది అంచున చారెడు మేర మట్టి రంగు మరక ఉంది. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడినప్పుడు మా ఇంట్లోకి కూడా నీళ్లొచ్చాయి. నాయన పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. వరద తీసిన తర్వాత ఆయన మిద్దె మీద కూర్చుని ఈ ఒక్కదాన్ని ఒక్కో కాగితం మధ్యా తువ్వాలు పెట్టి ఆరబెట్టాడు. సిరా పాకినచోట పెన్సిలుతో మళ్లీ రాశాడు.

అది మా వంశం లెక్క. ఎడమ పేజీ మీద 'రాసిన మాట', కుడి పేజీ మీద 'చెప్పుకునే మాట'. ఎవరు ఏ సంవత్సరం, ఏ మాసంలో పుట్టారు, ఎవర్ని ఏ ఊరికిచ్చారు, ఎప్పుడు పోయారు. ఎడమవైపు ప్రతి సంగతి కింద చిన్న అక్షరాలతో 'ఆధారం' అని రాసి, పెళ్లి పత్రికో, టీసీనో, రిజిస్టరు కాగితమో చూపించాడు. ఇంటికొచ్చిన కోడళ్లను వాళ్ల పుట్టింటి పేరుతోనే రాశాడు. కుడివైపు మాత్రం ఆధారాలేమీ ఉండవు. జేజి కరువులో గంజి తాగకుండా కొడుక్కి పోసిన సంగతి, మేనత్త పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసయితే జేజినాయన ఊరంతా బొరుగులు పంచిన సంగతి. ఆ రాత్రి చాలాసేపు చదువుకున్నాం.

మూడో రోజు: తాడిపత్రి, గండికోట

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి చూశాం. పెన్న ఒడ్డున సగంలో ఆగిన గోపురాల మీది శిల్పం చూడ్డానికి ఒక రోజు చాలదు, మాకు ఒక పూటే ఉంది.

గండికోట ఇప్పుడు ఫొటోల ఊరు అయిపోయింది. లోయ అంచున ఫోన్లు పట్టుకున్న పిల్లలు, కింద ఎర్రబండల మధ్య పెన్న. అందం మాట నిజమే. కానీ నాయన లోయ చూపించేది చిట్టచివర. ముందు ధాన్యాగారం, తర్వాత జామా మసీదు, మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి. 'ఇంత ధాన్యం ఎందుకు దాచుకున్నారు?' అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, కోటను ఏలిన పెమ్మసాని నాయకుల దగ్గర్నుంచి గోల్కొండ వజీరు మీర్ జుమ్లా 1650లో కోట పట్టుకున్న దాకా వచ్చేవాడు. రెండేళ్లకు టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి ఆ మీర్ జుమ్లాను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడు.

జమ్మలమడుగులో ఉన్నప్పుడు నాయన ప్రతి ఏడూ ఇంటర్ పిల్లల్ని ఇక్కడికి తెచ్చేవాడు. మసీదు, గుడి రెంటిమధ్యా నిలబెట్టి, "పరీక్షలో గెలిచిన రాజు పేరు రాస్తే మార్కులొస్తాయి. ఓడిన ఊళ్లో జనం ఏం తిన్నారో రాస్తే మీకు చరిత్ర వచ్చినట్టు" అనేవాడని అన్న గుర్తు చేశాడు. కోటలోపల ఇప్పటికీ ఊరుంది. ఒకావిడ అరుగు మీద అమ్మను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటుంటే మేం పొద్దుగూకేదాకా లోయ చూశాం.

నాలుగో రోజు: కలమళ్ల

ఎర్రగుంట్ల దాటాక థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటి పక్కనే ఉంది కలమళ్ల. చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో విరిగిన శాసనపు రాయి. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. క్రీ.శ. 575 నాటిదని అంచనా, తెలుగులో దొరికిన మొదటి శాసనంగా లెక్క. అంతకుముందు రాజులంతా ప్రాకృతంలోనో సంస్కృతంలోనో రాయించుకుంటే, ఈ చిన్న రాజు ఊరివాళ్లకు అర్థమయ్యే భాషలో రాయించాడు.

అక్షరాలు బాగా అరిగిపోయాయి. పాప బడిలో తెలుగు రెండో భాషగా చదువుతోంది. "జేజినాయన దీన్ని చదివేవాడా అత్తా?" అంది. ఫోన్‌లో ఉన్న పాఠం పెట్టి, రాయి మీద పక్కనుంచి ఎండ పడేట్టు జరిగి, ఆ రాజు ఏలిన సీమ పేరు 'రేనాణ్డు' అనే మాట దొరకబట్టాం. గుడి పూజారి మా వెంటే ఉండి ఇంకో రెండు అక్షరాలు చూపించాడు. అంతే, కడపకు బయల్దేరాం.

ఐదో రోజు: కడప

ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం. 1820లో ఉద్యోగానికి కడప వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టి తాటాకు గ్రంథాలను నకళ్లు రాయించి, సరిచూయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడీ గ్రంథాలయం. దీన్ని నిలబెట్టడానికి జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగి చందాలు, పుస్తకాలు అడిగి తెచ్చారు. బ్రౌన్ పేరు అందరూ చెప్తారు, ఆయన దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య పేరు కూడా చెప్పకపోతే నాయనకు కోపమొచ్చేది.

మేం అడిగింది కైఫీయతులు. కుంఫిణీ సర్వేయరు కర్నల్ మెకంజీ మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా కరణాల దగ్గర కూర్చుని రాయించిన ఊళ్ల వృత్తాంతాలు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆ పనికి మూలస్తంభాలు. కడప జిల్లా ఊళ్లవి అచ్చులో ఉన్నాయి. ఒక సంపుటం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎవరు మాన్యమిచ్చారు, ఏ కరువులో ఎవరు వలసపోయారు. శాసనం ఉంటే శాసనం మాట, లేకపోతే పెద్దలు చెప్పిన మాట. రెండూ పక్కపక్కన.

అన్న లెడ్జరు తీసి దాని పక్కన పెట్టాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాయన చేసింది ఇదే. ఊళ్ల కైఫీయతులు చదివీ చదివీ, మా ఇంటికొకటి రాశాడు. మా ఇంటి మనుషులకు శాసనాలు వేయించేవాళ్లెవరూ లేరని ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం దేవుని కడప పోయాం. తిరుమలకు గడప అని పేరున్న గుడి. ఉగాది రోజు ముస్లింలు కూడా వచ్చి వెంకటేశ్వరుడికి మొక్కుకుంటారు. కడప కాలేజీలో నాయనతో పనిచేసిన ఉర్దూ సారు కుటుంబం ప్రతి ఉగాదికీ గుడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి ఓళిగలు తినిపోయేది. ఆ సారు భార్య ఇప్పుడు పెద్దదర్గా వెనక వీధిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. అమ్మను పట్టుకుని ఏడ్చారు. సారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు కూడా మా లెడ్జరులో ఉంది, చిన్నాయనల వరసలో.

రాత్రి కారం దోశెలు తిని లాడ్జికొచ్చాక అన్న లెడ్జరు తెరిచాడు. నాయన పేరు కింద పుట్టిన తేదీ, ఉద్యోగాల వివరం ఆయన రాసుకున్నవే ఉన్నాయి. 1953 జూలై 1, ఆధారం ఎస్సెసెల్సీ సర్టిఫికెట్టు. కుడివైపు ఆయన చేత్తోనే: 'మా అమ్మ మాట ప్రకారం విజయ నామ సంవత్సరం, గుడారాలు వేసిన దినాలు.' బడిలో చేర్చేటప్పుడు సారు వేసిన తేదీ ఒకటి, కన్నతల్లి గుర్తు పెట్టుకున్నది ఒకటి. ఆయన రెంటినీ ఉంచాడు.

ఆ తర్వాతది మేం రాయాలి. అన్న చెయ్యి ఆడలేదు. పాప రాతే బాగుందని పెన్ను దానికిచ్చాం. ఎడమవైపు: 'క్రోధి నామ సంవత్సరం, పుష్యమాసం, కర్నూలు.' ఆధారం మున్సిపాలిటీ సర్టిఫికెట్టు. కుడివైపుకు ఒక్కొక్కరం చెప్పుకుంటూ పోయాం. లారీలో జొన్నగిరికి పోయిన బ్యాచ్, మేనత్త కొడుక్కి కట్టిన ఫీజు, భూమి తగాదా రోజుల్లోనూ చిన్నాయన ఇంటికి పంపిన పండగ బట్టలు.

అమ్మ అప్పటిదాకా ఊరకే వింటా ఉంది. "సన్నికల్లు సంగతి రాయండి" అంది. మా అమ్మమ్మ పెళ్లికిచ్చిన సన్నికల్లు అది. పత్తికొండ నుంచి గుత్తికి మారేటప్పుడు లారీవాడు బరువని దించేస్తానన్నాడట. నాయన దాన్ని తన కాళ్ల మధ్య పెట్టుకుని లారీ వెనకాల కూర్చొచ్చాడు. ఆ తర్వాత ప్రతి ట్రాన్స్‌ఫర్‌కీ మొదట లారీ ఎక్కింది అదేనట. మాకెవరికీ తెలియదు.

పాప కుడి పేజీలో రాయబోయింది. "అక్కడ కాదు పాపా," అని అన్న ఆపాడు, "జేజి కళ్లారా చూసింది కదా, ఎడమ పక్క రాయి."

"చూస్తే చాలదు నాయనా, జేజినాయన ఆధారం అడుగుతాడు" అంది పాప.

వదిన నవ్వుతూ, నిన్నగాక మొన్న దాని మీదనే పచ్చడి నూరానని చెప్పింది. పాప పేజీ మార్చి, ఆ సంగతంతా ఎడమవైపు పొందిగ్గా రాసి, కింద చిన్న అక్షరాలతో పెట్టింది: 'ఆధారం: వంటింట్లో సన్నికల్లు.'